సూదిమొనంత జాగా

సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న దుర్యోధనుణ్ణి ఇన్ని తరాలుగా తిట్టుకుంటున్నాం గానీ, ఆయనలో ఒక సుగుణం ఉంది. తన నేల ఎక్కడుందో ఆయనకు తెలుసు. మన ప్లాటు ఇన్వెస్టరుకి ఆ బాధ లేదు. షాద్‌నగర్ దాటాక ఎడమ చేతివైపు కమాను, కమాను లోపల తారు రోడ్డు, ఆ తర్వాత అంతా దైవాధీనం. కొన్న రోజున ఏజెంటు కారులోంచే చూపించాడు. "అదిగో సార్, ఆ తెల్లరాయి నుంచి ఈ తెల్లరాయి దాకా మీదే." ఆ రెండింటి మధ్యా ఇంకో నాలుగు తెల్లరాళ్ళున్నాయి. గడ్డి ఏపుగా ఉంది, పాముంటుందేమోనని ఈయన దిగలేదు. తల మాత్రం ఊపాడు.

తర్వాత ఆరేళ్ళూ ఆ భూమి బీరువాలో సుఖంగా ఉంది. సేల్ డీడు, ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్ జిరాక్సు, అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో. గజం రేటు పెరిగినప్పుడల్లా ఆ కవరు తీసి తడుముకునేవాడు. ఈలోగా ఓనర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫొటో పెట్టారు. పక్క ప్లాటులో ఇల్లు లేచింది, ప్రీకాస్ట్ ప్రహరీ నిలబడింది, ఆ ప్రహరీ మనవాడి జాగాలోకి అరడుగు వచ్చినట్టుంది. అంతే, ఆయనలో నిద్రపోతున్న భూమిపుత్రుడు లేచాడు.

లెక్క చూద్దాం. ముప్పై బై అరవై ప్లాటు, 200 గజాలు. అరవై అడుగుల పొడవునా అరడుగు పోతే ముప్పై చదరపు అడుగులు, అంటే మూడుంబావు గజాల పైచిలుకు. గజం పదిహేను వేలనుకుంటే మొత్తం యాభై వేలు. ఇది వకీలు ఫీజుకీ, కారు డీజిలుకీ, బీపీ మాత్రలకీ బొటాబొటిగా సరిపోతుంది. వాయిదాలకు పెట్టే సెలవులు మాత్రం చేతినుంచే పెట్టుకోవాలి.

పక్కవాడు రిటైరైన ఆర్టీసీ కండక్టరు. మన ఇన్వెస్టరు కారు దిగి, పేరైనా అడగకుండా గోడ మీద చెయ్యి వేశాడు.

"ఇన్నొద్దులు యాడున్నరు సార్? మీ ప్లాటుల తుమ్మచెట్లు పెరిగి పాములొస్తుంటే ఏటేటా కొట్టిస్తున్నది నేనే."

"ఎవరు కొట్టమన్నారండీ? అవి నా చెట్లు!"

ఆరేళ్ళలో ఆయన ఆ నేల గురించి అన్న మొదటి మాట అదే.

అసలు ఆ గోడ ఎందుకు జరిగిందంటే, మేస్త్రీతోపాటు వాస్తు పండితుడు కూడా వచ్చాడు కాబట్టి. ఈశాన్యం పెరగాలన్నాడాయన. ఒకడి ఈశాన్యం తూర్పుకి పెరిగితే తూర్పువాడి వాయవ్యం తెగుతుంది. ఆ నష్టానికి శాంతి ఏమిటో ఫీజు ఇవ్వనివాడికి చెప్పరు. ఉత్తరాన రైతు పొలం. అక్కడ రాతి కడీలు పాతి ముళ్ళతీగ లాగుదామంటే రైతు అడ్డం తిరిగాడు. "మా తాతల కాన్నుంచి గెట్టు గీడ్నే ఉన్నది సారూ. గీ రాళ్ళు మొన్న మీ ఏజెంటు పాతిపోయిండు." తూర్పు పక్క ప్లాటు మరో ఇన్వెస్టరుది. ఆయన డాలస్‌లో ఉంటాడు. వీళ్ళిద్దరికీ ఏ తగాదా లేదు, ఇద్దరూ రారు కనుక. దక్షిణాన ముప్పై అడుగుల రోడ్డు. మెట్లూ, కారు ర్యాంపులూ, తులసికోటా ఎక్కాక ఇప్పుడది ఇరవై రెండు. దాని తరఫున మాత్రం ఎవరూ ఇంజంక్షన్ కోరరు.

పోలీసు స్టేషనుకి వెళితే "ఇది సివిల్ మ్యాటర్" అన్నారు. వకీలు దగ్గరికి వెళితే పన్నెండేళ్ళ సంగతి చెప్పి హడలగొట్టాడు. పరాయివాడు పన్నెండేళ్ళు బాహాటంగా ఏలుకుంటుంటే నోరు మెదపనివాడికి 1963 నాటి లిమిటేషన్ చట్టం జాలి చూపదు. కనుక దావా పడింది. కోర్టువారు అడ్వకేట్ కమిషనర్‌ని వేశారు. కమిషనర్ గారు సర్వేయరుతో సహా వచ్చారు, రెండు పక్షాలూ రెండు గొడుగులు పట్టాయి. కమిషనర్ రిపోర్టు మీద రెండు పక్షాలూ అభ్యంతరాలు వేశాయి. దాన్ని మన దేశంలో ఏకాభిప్రాయం అనుకోవచ్చు.

ఆ సర్వేయరు చెప్పిన ముక్క ఎవరూ సరిగ్గా వినలేదు గానీ, అసలు కథ అందులోనే ఉంది. సర్కారు దగ్గరున్న టిప్పన్ సర్వే నంబరు హద్దులు చెబుతుంది. లోపలి ప్లాటు గీతలు వెంచరువారి లేఅవుట్ కాగితం మీదివి. ఆ వరసలో పది ప్లాట్లు. కాగితం మీద తలా ముప్పై అడుగుల చొప్పున మూడువందల అడుగులు. నేల మీద టేపు లాగితే 295. అంటే పదిమందికీ తలా అరడుగు పుట్టనేలేదు. ముందు ఇల్లు కట్టినవాడు తన ముప్పై అడుగులూ నిండుగా కొలుచుకుంటాడు. ఆ కొరత ఒక గోడ నుంచి ఇంకో గోడకి జరుగుతూ పోయి, చివరివాడు సగం నాలాలో నిలబడతాడు. ఇది కండక్టరుకి చెబితే, "గట్లయితే నాది కరెక్టే" అన్నాడు. మనవాడికి చెబితే, "అయితే నాదే కబ్జా అయింది" అన్నాడు. అమ్మినవాణ్ణి అడుగుదామన్న ఊహ ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. అమ్మినవాడు చాలా మర్యాదస్తుడు, ప్రతి సంక్రాంతికీ క్యాలెండరు పంపిస్తాడు.

హద్దురాయికి మాట్లాడే నోరు లేదన్నది పాతకాలపు మాట. ఆంధ్రలో 2020లో మొదలైన రీసర్వేలో పాతిన రాళ్ళ మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ ఉండేది. 2024లో ప్రభుత్వం మారాక వాటిని తొలగించాలన్నారు. రాయి జరిగిందా లేదా అన్న రైతు ప్రశ్న మాత్రం బొమ్మతోనూ తీరలేదు, బొమ్మ తీస్తేనూ తీరదు. తెలంగాణలో 2025 నాటి భూభారతి చట్టం రిజిస్ట్రేషనుకి సర్వే మ్యాపు జత చేయాలంటోంది. మంచిదే. నేలని కొలిచి అమ్మాలన్న ఆలోచన కాగితమెక్కడానికి ఇంతకాలం పట్టింది.

దావా వచ్చే నెలకి వాయిదా పడింది. పోయిన ఆదివారం అదే వెంచరువారు కమానుకి ఆవల ఫేజ్ టూ తెరిచారు, భోజనాలు పెట్టారు. మన ఇన్వెస్టరు కూడా వెళ్ళాడు. బిర్యానీ బాగుందట. జాగా చూడ్డం మాత్రం కుదరలేదు, ఎండ ఎక్కువగా ఉంది. రెండు ప్లాట్లకి అడ్వాన్సు ఇచ్చి వచ్చాడు.