కర్త లేని ఇల్లు: ఒక టు-లెట్ బోర్డుకు టీకా తాత్పర్యము

మూలము:
ఇల్లు అద్దెకు ఇవ్వబడును. ప్రశాంత వాతావరణము. చిన్న కుటుంబమునకు మాత్రమే. టీచర్లకు ప్రాధాన్యత కలదు. నాన్‌వెజ్ అనుమతించబడదు. మోటారు ఖర్చు వేరు.

అవతారిక: సికింద్రాబాదు మోండా మార్కెట్ వెనక సందులో, పైఅంతస్తు గ్రిల్లుకు తీగతో కట్టిన రేకుపలక మీద దొరికిన శాసనమిది. కాలము 2024 ఆషాఢము. ఎర్ర పెయింటు, గుండ్రని అక్షరము. రాయించినవారి పేరు లేదు.

వ్యాఖ్యాత విషయమై ఒక్కమాట. ఇతడు భాషా పండితుడనే బిరుదుతో చాలా ఏళ్ళు తొమ్మిది, పది తరగతులకు పాఠం చెప్పి, ఆ తరగతులు చెప్పే హోదా మాత్రం నీకు లేదని అనిపించుకున్నవాడు. 2024 జూన్‌లో పండితులకు పదోన్నతులు ఇచ్చినప్పుడు స్కూల్ అసిస్టెంటై, పాతబస్తీ బడి నుంచి లష్కరుకు, అంటే సికింద్రాబాదుకు, వచ్చాడు. జిల్లా మారలేదు. రోజూ వచ్చిపోయే దారి మారింది కనుక ఇల్లు మారక తప్పలేదు.

ఇక టీక. ‘ప్రశాంత వాతావరణము’ సులభము, వదిలేస్తున్నాను. తెల్లవారుజామున ఈ సందులో టమాటా ట్రేలు దించే ఆటోల మధ్య నిలబడినవారికి అర్థం దానంతటదే స్ఫురిస్తుంది. ‘చిన్న కుటుంబము’ కూడా అంతే. మా అమ్మ మాతో ఉంటుందని చెప్పగానే ఓనరుగారి ముఖంలోనే ప్రతిపదార్థం కనబడింది.

‘ఇవ్వబడును’ దగ్గర ఆగాలి. ఇచ్చట శంక: ఎవరిచేత? ఇదే పెద్దాయన మెట్ల మీద ఎదురైనప్పుడు “ఇస్త సార్, ఎందుకియ్య” అన్నాడు. చక్కని తెలుగు. కర్త ఉన్నాడు, క్రియ ఉంది, అడ్డం తిరిగితే పట్టుకోవడానికి మనిషీ ఉన్నాడు. అదే మనిషి రేకు మీద రాయించేసరికి మాయమైపోయాడు. ఇల్లు తనంతట తాను ఇవ్వబడుతుంది, మాంసం తనంతట తాను అనుమతించబడదు. ఈ విద్య ఆఫీసుల నుంచి వచ్చిందని కొందరి మతం. అది పొసగుతుంది. నన్ను ఎవరో ఒకరు బదిలీ చేసి ఉంటారు. కాగితంలో మాత్రం నేను ‘బదిలీ చేయబడితిని’, ‘రిలీవ్ చేయబడితిని’, కొత్త బడిలో పూర్వాహ్నమున చేరినట్లు ‘ధ్రువీకరించబడితిని’. ఇన్ని పనులు జరిగాయి, చేసినవాడు ఒక్కడూ లేడు. పిల్లలకు కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదు, కర్తరిలో రాయండి అని చెప్తాం. పెద్దయ్యాక వాళ్ళు ఇల్లు కట్టి బోర్డు రాయిస్తారు.

‘ప్రాధాన్యత’. ప్రాధాన్యము అంటే చాలు, ‘త’ అధికము. ఈ సందులో అద్దెకు మోటారు తగిలించినట్టే మాటకూ ఒకటి తగిలించారు. టీచర్లంటే ఓనర్లకు ఎందుకింత ఇష్టం? అద్దె తగ్గిస్తారని వ్యాఖ్యాత కూడా మొదట భ్రమించాడు. అది పూర్వపక్షము. సిద్ధాంతమేమనగా, టీచరు ఒకటో తారీఖున ఇస్తాడు, గట్టిగా మాట్లాడడు, పోలీస్ స్టేషన్ మెట్లెక్కడు, సాయంత్రం ఖాళీగా ఉంటాడు. “మా మనవడికి జర లెక్కలు చూడుండ్రి సార్” అన్నాడు. నాది తెలుగండీ అన్నాను. “ఇంకేంది, వానికి తెలుగే రాదు” అన్నాడు. గౌరవమంతా ముందుగానే నా ఖాతాలో వేసి, రోజుకు గంట చొప్పున విరగ్గోసుకోవడం ఈ ‘ప్రాధాన్యత’కు ఫలితార్థము.

తరవాత అసలు మాట వచ్చింది. “దించుడు మాత్రం శ్రావణంలనే సార్. ఆషాడంల ఇల్లు మారొద్దు, మంచిగుండది. అడ్వాన్సు ఇయ్యాల్నే ఇచ్చిపోండి.”

ఆషాఢమనే పదం మూలంలో లేదు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు. ఆ మహానుభావుడిది మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాసు కావ్యాలు మూడింటికి సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసినవాడు. చెడ్డ టీకల విషానికి కాళిదాసు వాక్కు మూర్ఛపోయింది, అందుకే సంజీవని అన్నాడు. మేఘసందేశంలో యక్షుడికి మబ్బు కనబడింది ఆషాఢం మొదటినాడా, చివరినాడా అన్నది పెద్ద తగాదా. తేడా ఒక్క అక్షరం, థకారమా, శకారమా? మల్లినాథుడు మొదటినాడే అని తేల్చాడు.

ఆ యక్షుడి కథ మళ్ళీ చదవండి. పనిలో అశ్రద్ధ చేశాడు. యజమాని కుబేరుడు, అంటే సాక్షాత్తు ఆర్థికశాఖ, ఏడాదిపాటు రామగిరికి పంపాడు. భార్య అలకాపురిలో ఉండిపోయింది. మన బదిలీల్లో స్పౌజ్ పాయింట్లయినా ఉన్నాయి, ఆయనకు అవీ లేవు. పైగా కాళిదాసు యక్షుడు ‘ఆశ్రమంలో’ ఉన్నాడనలేదు, ‘ఆశ్రమాల్లో’ అని బహువచనం వేశాడు. ఎందుకు? విరహోన్మాదం వల్ల ఒకచోట నిలవలేకపోయాడని ఆ బహువచనం సూచిస్తోందని మల్లినాథుడి వ్యాఖ్య. శతాబ్దాలుగా అందరూ తలూపారు. లష్కరులో ఆషాఢమంతా ఇల్లు వెతికిన అధికారంతో నేను వినయంగా విభేదిస్తున్నాను. ఉన్మాదం లేదు, ఏమీ లేదు. యక్షుడికి అడ్వాన్సు కుదరలేదు. ఒక ఆశ్రమంలో ఒంటరివాళ్ళకివ్వమన్నారు, ఇంకోచోట మీరు ఏమిట్లు అని అడిగారు.

చిరునామా చెప్పే పద్ధతి చూడండి. కుబేరుడి మేడకు ఉత్తరంగా రా, ఇంద్రధనుస్సు లాంటి తోరణం దూరానికే కనిపిస్తుంది, పక్కన చిన్న మందారం, పచ్చల మెట్ల బావి, గుమ్మం మీద శంఖమూ పద్మమూ. ఇంటి నంబరు లేదు. మా ఓనరు సామాను బండివాడికి ఫోన్లో చెప్పింది ఇదే శైలి: పాత జైల్‌ఖానా దాటు, నిమ్మకాయల కుప్పలొస్తయి, ఎడమకు తిరుగు, అరటాకుల దుకాణం పైన. మబ్బుకు దారి తెలిసింది. బండివాడు జనరల్ బజార్లో తేలాడు.

ఎక్కడున్నాం? ఆషాఢము. నిజానికి ఓనరుగారి ఆచారంలో కొంత లోకజ్ఞానం ఉంది. ఆ ఏడు జూలై 21న లష్కర్ బోనాలు. ఉజ్జయిని మహంకాళి గుడి చుట్టుపక్కల ఆ రోజుల్లో మంచం కాదు, మనిషి దూరడమే కష్టం. దోషం సామానుకు ఉంది, నాకు ఒప్పుదలే. అడ్వాన్సుకు ఎందుకు లేదన్నదే ప్రశ్న. డబ్బుకు మూఢాలూ శూన్యమాసాలూ ఉండవని ఏ ధర్మశాస్త్రంలో ఉందో పెద్దలు చెప్పాలి. అద్దె కూడా అడ్వాన్సు తేదీ నుంచే లెక్క.

‘నాన్‌వెజ్ అనుమతించబడదు’. దీని మీద చమత్కరించను. ఈ వాక్యం కూర గురించి కాదు. బోర్డు చదివి పైకి వెళ్తే మొదటి ప్రశ్న ఇంటిపేరు, రెండోది సొంతూరు, మూడోది ఊళ్ళో ఏ వైపు. కూర సంగతి అడగనే లేదు. నాతోపాటు పదోన్నతి మీద వచ్చిన మిత్రుడు, నాకంటే మంచి పండితుడు, మూడో ప్రశ్నకు జవాబు చెప్పి దిగివచ్చాడు. “ఆల్రెడీ మాట అయిపోయింది సార్” అన్నారట. బోర్డు ఆ సాయంత్రం కూడా వేలాడుతూనే ఉంది. ‘ఇవ్వబడును’లో కర్త ఎందుకు లేడో అప్పుడు అర్థమైంది. కాదన్నది ఎవరని అడిగితే చూపించడానికి వాక్యంలో మనిషి ఉండడు.

‘మోటారు ఖర్చు వేరు’ ప్రక్షిప్తము. ఎర్ర పెయింటు కాదు, సుద్దముక్క. పాత ప్రతుల్లో లేదని కింద ఉన్నవారి సాక్ష్యం. లెక్కకు మాత్రం ఇదే ప్రమాణం. అప్పటికి స్కూల్ అసిస్టెంటు స్కేలు 42,300 దగ్గర మొదలయ్యేది. 2021 వేతన సవరణలో హైదరాబాదు ఇంటిఅద్దె భత్యం 30 శాతం నుంచి 24కు దిగింది. మొదటి మెట్టు మీద 10,152 రూపాయలు. అద్దె 12,000. పైన ప్రక్షిప్తము.

శ్రావణంలో చేరాము. ఫిబ్రవరిలో ఆదాయపన్ను లెక్కలకు హెడ్మాస్టరు అద్దె రశీదులడిగారు. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కూడా రాయాలి. పైకి వెళ్ళి అడిగాను. “రశీదెందుకు సార్, నేనేడికి పోత?” అన్నాడు. పాన్ కార్డు ఊళ్ళో ఉందన్నాడు. మనవడికి సంధులు చెప్తున్న మొహమాటం మీద చివరికి నోటుపుస్తకం కాగితం చింపి రాసిచ్చాడు. రాత మళ్ళీ బోర్డు భాషే: “రూ. 12,000/- ముట్టినవి.”

ఎవరికి ముట్టినవో లేదు. సంతకం చోట ఒక గీత ఉంది, పాఠాంతరాలు చాలా సాధ్యము.