ర్యామోపాఖ్యానం (సటీకం)

మూలం: "8 జీబీ* ర్యామ్, అతివేగ ప్రాసెసర్, 50 ఎంపీ ఏఐ డ్యుయల్ కెమెరా, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, కాంపాక్ట్ డిజైన్."

అవతారిక: ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్లో పదివేల లోపు ఫోను పెట్టెమీద వెలసిన వాక్యమిది. కర్త అజ్ఞాతుడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులోని ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన కొట్టు వల్లనే ఈ పేటకు పేరొచ్చింది గనుక, ఇక్కడ వర్తకవాక్యానికి సంప్రదాయబలం ఉంది.

ప్రతిపదార్థం: బ్యాటరీ సుబోధకం, వదిలేశాం. డ్యుయల్ కెమెరా: ఉపనిషత్తులోని రెండు పక్షుల్లో ఒకటి పండు తింటుంది, రెండోది ఊరికే చూస్తుంది. ఇక్కడ రెండోది చూడను కూడా చూడదు.

8 జీబీ*: నక్షత్రమే ఈ పదానికి ప్రాణం. పెట్టె అడుగున, భూతద్దానికే అందే అక్షరాల్లో "4 + 4 వర్చువల్" అని ఉంది. అసలు ర్యామ్ 4. మిగతా 4 ఫొటోలు దాచుకునే స్థలంలోంచి కోసినది. వాడని యాప్‌ల సరుకును ఫోను అక్కడికి తోసి, కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. ర్యామ్‌తో పోలిస్తే ఆ చోటు బహు నెమ్మది. వేదాంతులు దీన్ని అధ్యాస అంటారు: ముత్యపుచిప్పలో వెండి కనబడటం. కాకపోతే ఆ చిప్పకు ఎవరూ బిల్లు వెయ్యలేదు.

అతివేగ: ఇక్కడ మీమాంసకులను తలచుకోక తప్పదు. జైమిని సూత్రాల మొదటి అధ్యాయం రెండో పాదం మొదలయ్యేదే అర్థవాద విచారంతో, అంటే విధిని పొగిడే మాటల విచారంతో. ఐశ్వర్యం కోరేవాడు వాయువుకు తెల్లని పశువును అర్పించాలన్నది విధి. వాయువు మహావేగం గల దేవత అన్నది అర్థవాదం. ఆ వేగాన్ని ఎవరూ కొలవనక్కరలేదు, యజమానికి ఉత్సాహం పుడితే చాలు. ఈ లెక్కన పెట్టెమీద ఉన్నదంతా అర్థవాదమే. విధి ఒక్కటే, అదీ అధ్యాహారం: కొనుము. మన మెదక్ సీమ కొలిచెలమవాడు మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆయన చేతికి ఈ పెట్టె ఇస్తే దానిమీద మిగిలేది ధర ఒక్కటే.

ఇంతకూ ఫోను సంగతి.

కాంపాక్ట్: పాఠాంతరం చూడండి. శ్రీసిటీలో తయారై 2015 ఆగస్టులో విశాఖలో విడుదలైన రెడ్‌మీ 2 ప్రైమ్ తెర 4.7 అంగుళాలు, ర్యామ్ 2 జీబీ. 2 అంటే 2. ఈ కాంపాక్ట్ 6.6 అంగుళాలు. చొక్కా జేబులో పెడితే సగం బయటే ఉంటుంది.

ఆక్షేపం: అమ్మే అబ్బాయిని నిలదీస్తే "నాలుగు, నాలుగు కలిపితే ఎనిమిదే గద సార్" అన్నాడు. కూడిక తప్పు కాదు, అతని తప్పూ లేదు. నాంపల్లి స్టేషన్లో దిగి, ఊళ్లో అమ్మ కోసం ఫోను కొనడానికి నడిచొచ్చే కుర్రాడి సంగతే నన్ను పీడిస్తోంది. పక్కనే నిజమైన 6 జీబీ ఫోను ఉంటుంది. దానిమీద నక్షత్రం లేదు. 8 ముందు 6 ఓడిపోతుంది. మోసపోయింది కుర్రాడొక్కడే కాదు, ఉన్నదున్నట్టు రాసినవాడు కూడా. నక్షత్రం కింది మాటను నక్షత్రం పక్కనే, 8 అంత లావున అచ్చువేస్తే ఏం పోయింది?

తాత్పర్యం: ర్యామ్ 4 జీబీ.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవాడు "కలపకుండా చెప్పు తమ్మీ, అసలు ఎంత?" అని అడుగుతాడు. జవాబు నానితే పక్క కొట్టుకు పోతాడు. జగదీశ్ మార్కెట్లో పక్క కొట్టుకు కొదవ లేదు.