లెక్క తప్పిన ఇనుము

పాత సేద్యపు నేలల్లో దొరికే తుప్పు ముక్కల్లో మేకును పోల్చుకోవడం తేలిక. ఒళ్లు గుండ్రంగా ఉంటే యంత్రం మీద తీగతో చేసింది, ఆ నేల వయసు ముందు అది నిన్నమొన్నటిది. నాలుగు పక్కలా సన్నబడుతూ మొన దాకా వచ్చి, తల మీద సుత్తి దెబ్బలు పలకలు పలకలుగా కనిపిస్తే కొలిమిలో చేత్తో కొట్టింది.

వర్జీనియాలో షార్లట్స్‌విల్ పక్కన కొండ మీద అలాంటి పాత సేద్యపు భూమి ఒకటుంది. అక్కడ మల్బరీ రో అనే పనిపాకల వరసను పురావస్తు పరిశోధకులు తవ్వారు. మట్టిలో ఒకచోట ఇనుప కడ్డీల కట్ట బయటపడింది. మొన లేదు, తల లేదు. మేకులు కొట్టడానికి తెచ్చిన ముడి ఇనుము. ఒక కుర్రాడి చేతికి తెల్లవారుతూనే తూచి ఇచ్చిన ఆనాటి పని. కొలిమిలోకి పోవలసింది మట్టిలోకి ఎలా పోయింది?

కుర్రాడు అన్నది మాటవరసకు కాదు. 1794లో అక్కడ మొదలైన మేకుల కార్ఖానాలో పనికి పెట్టింది పదేళ్ల నుంచి పదహారేళ్ల దాకా వయసున్న బానిస పిల్లల్ని. కడ్డీ కొస ఎర్రగా కాల్చాలి, దాగలి మీద మొన తీయాలి, తుంచాలి, తల కొట్టాలి. మళ్లీ కడ్డీ కాల్చాలి. మన ఊళ్లలో ఆ వయసు పిల్లలు కొలిమి తిత్తి దగ్గరికి వస్తేనే కమ్మరి కేకలేస్తాడు. ఇక్కడ పొద్దున ఇచ్చిన ఇనుము తూకం, సాయంత్రం వచ్చిన మేకుల తూకం పక్కపక్కన పడేవి. ఎవరి చేతిలో ఎంత వృథా అయిందో యజమాని పేరుపేరునా రాసిపెట్టుకున్నాడు.

అలాంటి చోట కడ్డీలు కనబడకపోతే ఏమవుతుందో 1803లో తేలింది. బ్రౌన్ కోల్బర్ట్ అనే కుర్రాడు ఆటపట్టించడానికి కేరీ అనేవాడి కడ్డీలు దాచాడు. ఇద్దరికీ పద్దెనిమిదేళ్లు. దాచినవాడికి అది ఆటే. సాయంత్రం తూకానికి నిలబడవలసినవాడికి ఆట ఎలా అవుతుంది? కేరీ సుత్తెత్తి బ్రౌన్ నెత్తి మీద కొట్టాడు. పుర్రె చితికింది. వైద్యుడు పుర్రెకు శస్త్రచికిత్స చేసి బతికించాడు.

మట్టిలో దొరికిన కట్ట ఆనాడు దాచినదే కావచ్చంటాడు చరిత్రకారుడు హెన్రీ వీన్‌సెక్. రుజువు లేదు. కానీ ఆ కడ్డీలను ఇప్పుడు ఉత్త తుప్పు ముక్కలుగా చూడడం నా వల్ల కాదు.

గొడవ జరిగిన నాటికి యజమాని ఊళ్లో లేడు. వాషింగ్టన్‌లో అధ్యక్ష భవనంలో ఉన్నాడు. ఆ కొండ మాంటిచెల్లో. యజమాని థామస్ జెఫర్సన్, మనుషులందరూ సమానులుగానే పుట్టారని ప్రకటన రాసినాయన. జూన్ 8న అల్లుడికి ఉత్తరం పంపాడు. కేరీ మాట మళ్లీ ఎవరి చెవినా పడనంత దూరానికి వాణ్ణి అమ్మెయ్యాలి, మిగతావాళ్లకు వాడు చచ్చిపోయినట్టే అనిపించాలి, అందరికీ భయం పుట్టాలి.

వృథా అయిన ఇనుమును పేరుపేరునా లెక్క కట్టిన మనిషి, ఆ ఉత్తరంలోనే ఇంకో మాట కూడా రాశాడు. ధర ఎంత పలికినా తనకు పెద్దగా పట్టింపు లేదని.