గంటలో బెంగళూరు!

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు ఆకాశమార్గంలో దూరం సుమారు 500 కిలోమీటర్లు. విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లనుకుంటే, భాగిస్తే వచ్చేది 33 నిమిషాలు. పైకి లేవడానికి, కిందికి దిగడానికి ఇంకో అరగంట. వెరసి గంట! రెండు ఊళ్ల పేర్లు కొట్టగానే దూరాన్నీ సమయాన్నీ తేల్చిపారేసే ఇంటర్నెట్ లెక్కలు చాలావరకు ఇలాంటివే. ఐదో తరగతి పిల్లాడు కూడా తప్పుపట్టలేని లెక్క. కాకపోతే అందులో ప్రయాణికుడు లేడు.

ఆ దూరం తరచూ ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకు గీసిన గీత. చార్మినార్ పక్కన ఎక్కి విధానసౌధ మెట్ల మీద దిగేవారికి భేషుగ్గా సరిపోతుంది. మిగతావారు మాత్రం 2008ని మరిచిపోకూడదు. ఆ ఏడాది మార్చిలో హైదరాబాద్ విమానాలు బేగంపేట వదిలి శంషాబాద్‌కు తరలాయి. మే నెలలో బెంగళూరు విమానాలు హెచ్‌ఏఎల్ వదిలి దేవనహళ్లికి మారాయి. రన్‌వేలు పెరిగాయి, టెర్మినళ్లు తళతళలాడాయి, ఊళ్లే దూరమయ్యాయి.

కూకట్‌పల్లిలో ఇల్లు, ఎలక్ట్రానిక్ సిటీలో ఉదయం పది గంటలకు మీటింగు ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి సంగతి చూద్దాం. శంషాబాద్ చేరడానికి గంటంబావు. రెండు గంటలు ముందే రమ్మని ఎయిర్‌లైన్ మెసేజ్. చెక్-ఇన్ కౌంటరు గంట ముందే మూసేస్తారు కాబట్టి ఆ మాట కొట్టిపారేయడానికీ లేదు. భద్రతా తనిఖీ దగ్గర బెల్టు విప్పి, ల్యాప్‌టాప్ ట్రేలో పెట్టి, మరిచిపోయిన నీళ్ల సీసా కోసం బ్యాగు మళ్లీ తెరవాలి. విమానంలో గంటంబావు. దిగాక బ్యాగు కోసం అరగంట. దేవనహళ్లి ఊరికి ఉత్తరాన, ఎలక్ట్రానిక్ సిటీ దక్షిణం కొసన. హెబ్బాళ ఫ్లైఓవర్, సిల్క్ బోర్డు కూడలి కరుణిస్తే రెండు గంటలు. మొత్తం ఏడు గంటలు. పది గంటల మీటింగుకు తెల్లవారుజామున మూడింటికే ఇల్లు కదలాలి!

ఇంతకీ గాలిలో గంటలోపే ఉండే విమానానికి టికెట్ మీద గంటంబావు ఎందుకు వేస్తారు? చక్రాల అడ్డుచెక్కలు తీసినప్పటి నుంచి, అవతల మళ్లీ పెట్టేదాకా లెక్క కడతారు కాబట్టి. రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడడం అన్నీ అందులోనే. దానిపైన ఎయిర్‌లైన్లు ఇంకొన్ని నిమిషాలు గుట్టుగా కలుపుకొంటాయి. విమానం కాస్త చురుగ్గా వెళ్లిందా, 'అనుకున్న సమయానికంటే ముందే చేరుకున్నాం' అని మైకులో మురిపెం. ఆలస్యమైనా పావుగంట దాటకపోతే గణాంకాల్లో అది సమయపాలనే. పరీక్ష రాసేవాడే పాస్ మార్కు నిర్ణయించుకుంటే తప్పేదెవరు?

విమానం దండగని ఎవరూ అనడం లేదు. రాత్రి బస్సుకు తొమ్మిది, పది గంటలు పడుతుంది. విశాఖ నుంచి ఢిల్లీ వెళ్లేవారికి విమానానికి సాటి లేదు. దూరం పెరిగేకొద్దీ లాభం పెరుగుతుంది. దూరం తగ్గితే గుట్టు రట్టవుతుంది. హైదరాబాద్ నుంచి గన్నవరం విమానం గంటే, కానీ సికింద్రాబాద్‌లో వందేభారత్ ఎక్కితే సుమారు నాలుగు గంటల్లో బెజవాడ స్టేషన్ వచ్చేస్తుంది, అదీ ఊరి మధ్యలోకి.

ఏడు గంటల్లో 500 కిలోమీటర్లంటే గంటకు 70 చిల్లర, హైవే మీద కారు వేగం. అందుకని, బెంగళూరు అల్లుడు 'ఫ్లైట్ ఎక్కేశా, గంటలో ఉంటా' అని ఫోన్ చేస్తే ఎసరు అప్పుడే పెట్టకండి.