ఎవరింటామె?

పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి అక్కడి పాత బొమ్మల దుకాణంలో ఒకామె నచ్చింది. కంగారేమీ లేదు, ఆమె పోయి రెండు శతాబ్దాలు దాటి ఉంటుంది. ఎర్ర సుద్దతో కాగితం మీద గీసిన బొమ్మ, ధర రెండు వేల యూరోలు. 'కొని చెన్నూరు ఇంటికి తేనా మామా?' అంటూ ఫొటో పంపాడు.

మా అమ్మ కళ్లద్దాలు పెట్టుకొని చూసి, "ఇది జాజు గదరా! దీనికి రెండు లక్షలా?" అంది.

కళాచరిత్ర విప్పబోయిన నేను నోరు మూసుకున్నాను. ఆమె అన్నదే నిజం. ఫ్రెంచివాళ్లు అంత మురిసిపోయే ఎర్ర సుద్దలో రంగంతా ఇనుప తుప్పుదే. మనం అరుగులకు పూసే జాజులో ఉన్నదీ అదే. నల్ల సుద్దేమో కర్బనం నిండిన మెత్తటి రాయి. తెల్లది సరేసరి. ఈ మూడూ కలిపి మనిషి ముఖానికి ప్రాణం పోయడంలో వాతో అనే ఆయన ఘనుడు. 1721లో, ముప్పై ఆరేళ్లకే పోయాడు. జాజు, సుద్ద, పక్కనే సింగరేణి బొగ్గు: సరుకంతా మన దగ్గరే ఉంది. వాతో ఒక్కడే అటెటో పుట్టాడు.

పోనీ ఈ బొమ్మ వాతోదా అంటే, కాదు. ఈ వ్యాపారంలో 'ఫలానా ఆయన గీసిందే' అంటే ఒక ధర. 'ఆయనే గీసి ఉండొచ్చు' అంటే కొంచెం తక్కువ. 'ఆయన దగ్గర పనిచేసినవారు', 'ఆయన చుట్టూ తిరిగినవారు', 'ఆయనను చూసి నేర్చుకున్నవారు'... మన దగ్గర ఎమ్మెల్యేతో చుట్టరికం చెప్పుకున్నట్టే, మెట్టు దిగినకొద్దీ ధరా దిగుతుంది. మన బొమ్మకు ఏ మెట్టూ దక్కలేదు. 'ఎవరో ఫ్రెంచి చిత్రకారుడు, పద్దెనిమిదో శతాబ్దం' అని రాసి ఊరుకున్నారు. ఎమ్మెల్యే ఎక్కిన బస్సులో ఎప్పుడో ఎక్కినవాడన్నమాట.

గీసినవాడి సంగతి అమ్మకు పట్టలేదు. "ఆమె ఎవరింటామె?" అంది. చీటీలో 'ఒక స్త్రీ' అని మాత్రమే ఉంది. చెన్నూరులో ఈ జవాబు చెల్లదు. ఇక్కడ గోదావరి ఉత్తరానికి తిరిగి పారుతుందని స్నానానికి వచ్చే పరాయి ఊరివాళ్లను కూడా, రేవు చేరేలోపే ఇంటిపేరూ అత్తగారి ఊరూ అడిగేస్తాం.

ఫ్రాన్సులోనూ మా అమ్మలాంటి ఒకావిడ ఉండేది. కేథరిన్ దె మెదిచి, పదహారో శతాబ్దపు రాణి. దూరంగా పెరిగే పిల్లలు ఎట్లున్నారో చూడాలని బొమ్మలు గీయించి తెప్పించుకునేది. త్వరగా అవుతుందని సుద్దతో గీసినా చాలనేది. అట్లా వందల బొమ్మలు పోగుచేసి, చాలావాటి మీద ఎవరు ఎవరో పేర్లు రాసిపెట్టింది. వాటిలో ఎక్కువ భాగం ఇప్పుడు షాంతియీ కోటలోని మ్యూజియంలో దర్జాగా ఉన్నాయి.

మన బొమ్మను కొన్నా, దాని పోషణ మరో తంటా. సుద్ద బొమ్మ అద్దానికి తగిలితే ఆమె బుగ్గ అద్దానికే అంటుకుంటుంది. ఎండ పడదు, తేమ పడదు. మ్యూజియంలలో సైతం కొన్ని నెలలు చూపించి, ఆపైన ఏళ్లకేళ్లు చీకట్లో దాస్తారు.

"రెండు లక్షలు పెట్టి కొని బీరువాల పెట్టుడా? గా పైసలతోని బంగారం కొంటే పెండ్లికన్నా పనికొస్తది," అంది అమ్మ.

రాత్రి మేనల్లుడు వీడియో కాల్ చేస్తే అమ్మ బేరం అందుకుంది. "బిడ్డా, ఆమె పేరేందో చెప్పకుంటే ధర తగ్గియ్యమను."

"పేరు తెలిస్తే ధర పెరుగుతది అమ్మమ్మా. తెల్వదు కాబట్టే గింత సస్తా."

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే ఆడ నువ్వేం అడగకు. సప్పుడు చెయ్యక కొనుక్కరా. ఎవరింటామెనో ఈడికొచ్చినంక మనమే కనుక్కుందాం."