రెండో ఎక్కం దగ్గరే ఆపండి

పటాన్‌చెరు, జీడిమెట్ల పారిశ్రామికవాడల యజమానులకు ఓ శ్రేయోభిలాషి మనవి. కార్మికులకు అక్షరాలు, లెక్కలు నేర్పిద్దామని తమరికి కలిగిన సద్బుద్ధిని కాదనను. బాయిలర్ పక్కన 'ప్రమాదం' అని బోర్డు పెట్టించారు. చదివేవాడు లేకపోతే రంగు ఖర్చు దండగ. కాకపోతే 'ప్రమాదం' చదివినవాడు అక్కడితో ఆగడు, నెలాఖరుకి జీతం చీటీ కూడా చదువుతాడు.

లెక్కలైతే మరీ జాగ్రత్త. కూడికలు నేర్పండి, పెట్టెలు తప్పు లేకుండా లెక్కపెడతాడు. తీసివేతలొస్తే కటింగుల మీద కన్ను పడుతుంది. రెండో ఎక్కం సగంలోనే ఆపండి. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కూలి అని చట్టం చెబుతోంది, అది తేల్చుకోవడానికి రెండో ఎక్కం చాలు. శాతాల జోలికి అసలు పోవద్దు. ఈఎస్ఐలో కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అది తెలిసినవాడు, "పదిహేను వేల జీతానికి 113 రూపాయలు కదా పోవాలి, 600 ఎలా పోయాయి సార్?" అంటాడు. మీ వాటా కూడా వాడి జేబులోంచే కట్టిన కాంట్రాక్టర్ అప్పుడు ఏ మొహం పెట్టుకుని తిరుగుతాడు?

ఇదంతా నా భయమే అనుకునేరు. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో సర్కారే పనిగట్టుకుని రాత్రి బడులు పెట్టి ఆడవాళ్లకు చదువు చెప్పింది. వాచకంలో సారా మీద ఓ కథ ఉంది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి ఊరుకోలేదు, సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరుకల్లా రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పలక కొనిచ్చిందీ సర్కారే, వేలంపాటల రాబడి పోగొట్టుకున్నదీ సర్కారే.

అన్నట్టు, వేలిముద్రగాడని ఇప్పుడు ఎవర్నీ వెక్కిరించే వీల్లేదు. బయోమెట్రిక్ వచ్చాక ఎంబీఏ చదివిన హెచ్‌ఆర్ మేనేజరూ పొద్దున్నే వేలే పెడుతున్నాడు. ఆయన తన అపాయింట్‌మెంట్ ఆర్డరు కడదాకా చదివిన పాపాన పోలేదు. చదవడం వచ్చి కూడా చదవని మనిషి, కంపెనీకి ఇంతకన్నా ఏం కావాలి? కార్మికులనూ ఆయనంతటి వాళ్లను చేయగలిగితే రాత్రి బడికి నేనే చందా ఇస్తాను.

అంతదాకా తరగతులు పన్నెండు గంటల షిఫ్టు దిగాక పెట్టండి, సగంమంది కునుకు తీస్తారు. కళ్లు తెరిచి కూర్చున్నవాళ్ల పేర్లు రాసి పెట్టుకుంటే, శాతాల పాఠం మొదలయ్యేలోపు కాంట్రాక్టర్‌ను మార్చేసి కొత్తవాళ్లను దింపొచ్చు.