ఒక తొలిక ఆత్మకథ

నాకు పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టి, దేవుని పటముల చెంత నిలిపిన నాటినుండియే నా దుర్దశ ఆరంభమైనది. అంతకు పూర్వము నేను కర్నూలు జిల్లా జొన్నగిరికి సమీపమందలి యొక పల్లెలో, ఒక కూలి యిల్లాలి చేతిలో కలుపు తీయుచుండిన తొలికను. లారీ కమానుపట్టీ ముక్కను కొలిమిలో కాల్చి సాగగొట్టి, తుమ్మకఱ్ఱ పిడి తొడిగి కమ్మరి నన్ను చేసెను. నా జన్మవృత్తాంతమున ఇంతకన్న చెప్పదగినది లేదు. చెప్పదగినదంతయు నా పనిలో నున్నది. వేరుశనగ సాళ్లలో, లేతవేరునకు గాయము తగులకుండ, దానిని పెనవేసికొన్న గరికను మాత్రమే పెల్లగించుట యెంతటి నేర్పో గడ్డపారకు తెలియదు, గొడ్డలికి తెలియదు. ఆ నేర్పు నా యజమానురాలి మణికట్టులో నుండెడిది. దానికి తగిన పదును నా అంచున నుండెడిది. ప్రొద్దుగూకినంతనే ఆమె నన్ను గట్టుమీది రాతిపై నూరి, మన్ను తుడిచి, చూరులో దోపి గాని అన్నమునకు కూర్చుండెడిది కాదు.

మా నేలకొక విశేషము కలదు. భూమిలో నూట యేబది కిలోమీటర్లకు మించిన లోతున పుట్టిన వజ్రములను అగ్నిశిలాద్రవము పైకి మోసికొనివచ్చుననియు, వజ్రకరూరు ప్రాంతపు కింబర్లైటు శిలలు అట్లు ఏర్పడి సుమారు 110 కోట్ల సంవత్సరములైనవనియు శాస్త్రజ్ఞులందురు. అట్టి శిలలు ఎండకు వానకు శిథిలమై, అందలి వజ్రములు నీటివెంట కొట్టుకొనివచ్చి గులకరాళ్లలో కలిసిపోవును. తొలకరి జల్లు పైమన్నును కడిగివేసినంతనే జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి పరిసరములకు దూరపు జిల్లాలనుండి సైతము జనులు సద్దిమూటలతో వచ్చి, చెట్లక్రింద బస చేసి, నడుములు వంచి నేలను వెదకుదురు. విత్తిన చేను త్రొక్కుడై పోవుచున్నదని రైతులు మొరపెట్టుకొందురు. ఆ మొర న్యాయమైనది. మడమల క్రింద నలిగిన మొలకలను నేను స్వయముగ నెన్నియో చూచితిని.

నా యజమానురాలు వజ్రముకొరకు వెదకినది కాదు. పరుల చేనిలో కూలికి కలుపు తీయుచుండెను. గరికదుబ్బుతోపాటు నా అంచున పైకి లేచిన చిన్నరాయిని ఆమె కొంగుతో తుడిచి, వెలుగున కెత్తి చూచి, చప్పున రవికలో దాచుకొనెను. ఆ రాత్రియే వ్యాపారి వచ్చెను. తలుపులు మూసి, గొంతులు తగ్గించి బేరమాడిరి. కొన్ని లక్షల రూపాయలకును, కొంత బంగారమునకును బేరము కుదిరెను. ఆ రాతి నిజమైన వెల ఎంతయో ఆ గదిలో కొనువాడొక్కడే యెరుగును.

ధనము సుఖమియ్యదని కడుపునిండినవారు చెప్పుమాటను నేనంగీకరింపజాలను. మరునాడు అప్పులవాని నోట్లు చిరిగిపోయెను. ఏటేటా పంటకోతల కాలమున బిడ్డలను బడి మాన్పించి గుంటూరు సీమకు సుగ్గికి, అనగా వలసకూలికి, పోవు ఆ కుటుంబము ఆ యేడు ఇల్లు కదలలేదు. పెద్దపిల్ల మిరపతోటలో నుండవలసిన దినములలో తరగతిలో కూర్చుండెను. కారెడి చూరు పోయి మిద్దె వచ్చెను. చూరులో నాకున్న చోటు పోయినను నేను చింతింపలేదు. ఎవరైన తలుపు తట్టిన ఉలికిపడుట మాని ఆ యిల్లాలు గాఢముగ నిద్రించుటను, ఆమెను నేనెరిగినది మొదలు, అపుడే చూచితిని.

కాని ఆ నిద్ర నిలువలేదు. చేని యజమాని వచ్చి, రాయి తన నేలలో దొరకినది గనుక భాగము తనదియుననెను. పెనిమిటి తమ్ముడు వాటా అడిగి, లేదనిపించుకొని, అన్నతో మాటలు మానెను. ఊరిలో ఆ సొమ్ము నోటినోటికిని పెరిగి ఇంతలంతలు కాగా, అప్పు అడుగవచ్చినవారికి లేదని చెప్పిన నిజమును నమ్మినవారే లేరైరి. అన్నిటికంటె నన్ను బాధించినది వేరొకటి. తెల్లవారుజామున వీధిలో నిలిచి “కలుపుకు పోదాం రాక్కా” యని పిలుచు స్త్రీలు ఆమె గుమ్మము దాటి మౌనముగ సాగిపోవుచుండిరి. వారికి ఈర్ష్య కాదు, సంకోచము. లక్షలు గలదానిని కూలికి పిలుచుట యెట్లని. ఆమె కిటికీవద్ద నిలిచి వారి మాటలు దూరమగువరకు వినుచుండెడిది.

పెనిమిటి మాత్రము పని పూర్తిగ మానెను. దొరకిన చోటనే మరియొకటి దొరకునని చేలను గుత్తకు తీసికొని, విత్తనము వేయక, గుంటలు త్రవ్వించెను. వజ్రము చూపిన దానినని నన్ను పీటపై నిలిపి ధూపము వేసెను. పదునుగల తొలికకు దేవునిగదిలో నేమి పని? చూడవచ్చిన వారందరును నన్ను కన్నులకద్దుకొనిరి. ఒక్కరైనను పనికి తీసికొనిపోలేదు.

అట్లు వచ్చినవారిలో నొక విశ్రాంత ఉపాధ్యాయుడు అరుగుపై కూర్చుండి రీజెంటు వజ్రము కథ చెప్పెను. నేడు పులిచింతల జలాశయమున మునిగిన కొల్లూరు గనులలో పనిచేసిన కూలివా డొకడు దానిని తన కాలిగాయమున దాచి తీరమునకు చేరెననియు, ఓడకప్తాను దానికై అతనిని చంపి సముద్రమున త్రోసివేసి, పిమ్మట తాను ఉరిపోసికొనెననియు జనశ్రుతి కలదట. చరిత్రకు తెలిసినది మాత్రము, మద్రాసు గవర్నరు థామస్ పిట్ 1702లో ఆ 410 క్యారట్ల రాతిని 48,000 వరహాలకు కొని, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి విక్రయించుట. ఆ నడిమి కాలమున దొంగల భయముచే పిట్ ఒక యింట రెండు రాత్రులు నిద్రించెడివాడు కాడని చెప్పుదురట. నేడది పారిస్ నగరపు లూవ్రు మ్యూజియమునకు చెందినది. అంతయు విని నా యజమానురాలు, “ఆ కూలాయనకు పెండ్లాం బిడ్డలు ఉండ్రా సారూ?” అని అడిగెను. గవర్నరు పేరు, వజ్రపు వెల చెప్పగలిగిన ఆ పెద్దమనిషి దీనికి సమాధానము చెప్పజాలకపోయెను.

రెండవ వజ్రము దొరకలేదు. గుత్తలకు, గుంటలకు సొమ్ము కరగినకొలది నాకు ధూపము తగ్గెను. పసుపు తడికి నల్లబడి, దాని క్రింద త్రుప్పు చేరెను. పిడిలో చెదలు పుట్టెను. “దీని మహిమ తీరిపోయింది” అని పెనిమిటి నన్ను పీటనుండి తీసి పశువులకొట్టములో పడవేసెను. అచట కొన్నాళ్లు పేడ గోకితిని. కొన్నాళ్లు గాలికి తలుపు కొట్టుకొనకుండ దాని క్రింద అడ్డుగ నుంటిని. పిల్లలు గోడకు మేకు కొట్టుటకు నన్ను వాడి నా అంచును విరిచిరి. నేను చేయనొల్లని పనులు కావవి. కాని నన్ను నూరినవారు లేరు. తుదకు పాత ఇనుమునకు ఎర్రగడ్డలిచ్చు బండివాడు వీధిలో కేక వేయగా, ఆమె ఇంట లేని వేళ, పగిలిన బకెట్టుతోపాటు నన్నును తూచి యిచ్చివేసిరి.

ఇపుడు నేను పత్తికొండ దారిలో నొక పాత సామానుల కొట్టు ముందు పడియున్నాను. వారి మిద్దె నిలిచియున్నది. పిల్ల కళాశాలకు పోవుచున్నది. అప్పులవాడు మరల గడప త్రొక్కలేదు. ఇవి యా రాయి యిచ్చినవే, కాదనుట అధర్మము. మొన్న కూలీల ఆటో ఒకటి ఇచట ఆగినపుడు అందులో నామె కనిపించెను. ప్రక్కవారితో పెద్దగ నవ్వుచుండెను. ఒడిలో క్రొత్త తొలిక యున్నది. నాకంటె తేలిక, పట్టీ ఇనుము కాదు, రాతినేలలో మొక్కవోవును. ఆటో కదలిపోయినది. నా అంచున బెత్తెడు భాగమునకు ఇంకను త్రుప్పు లోపలికి దిగలేదు. పిడి మార్చి, ఒక్కసారి సానపట్టించి తీసికొనిపోవువారుండిన, ఈ యేటి వేరుశనగ కలుపునకే నేను పనికివచ్చెదను.